బాలల రక్షణ చట్టము – కులపెద్దల బాధ్యత

(వార్షిక మహాసభ రెండవ దినమున చదువబడిన ఉపన్యాసము)

   

 నిన్నటి దినము పెద్దలు వసతిగృహ నిర్మాణమును గురించియు, విద్యార్థి వేతనములను గురించియు, వివాహవ్యయములను తగ్గించుకొనుటను గురించియు చక్కగా ఉపన్యసించిరి. అవి యెల్ల మన సంఘము చేయదగిన పనులే. మేము నేడు విన్నవింపబోవు విషయము మాత్రము వినుటకు ఇంపైనది కాదు. పసిబిడ్డలపై జరుగు లైంగిక దౌర్జన్యము, దానికి చట్టము విధించిన శిక్షలు, దానిని తెలిసికొనిన ప్రతివారును ఠాణాకు తెలుపవలసిన విధి – ఇదియే మా విషయము. తల్లులును, పెద్దబిడ్డలును ఉన్న సభలో ఇట్టి మాటలేల యని కొందరు మమ్ము వారించిరి. ఆ తల్లులును, ఆ బిడ్డలును వినవలెననియే మేము ఈ విషయమును ఎన్నుకొంటిమి.

మొదట మా తప్పును ఒప్పుకొని పిమ్మట చట్టమును చెప్పుదుము. 2012వ సంవత్సరపు చట్టము రాక చాల పూర్వము, మన కులమువారి యింట నొక పంచాయతీకి మేము పిలువబడితిమి. తొమ్మిదేండ్ల బాలిక. ఆమెను చెరచినవాడు ఆ యింటికి నిత్యము వచ్చిపోవు దగ్గర బంధువు. తలుపులు మూసి చాపలు పరచి ఐదుగురు పెద్దలము కూర్చుంటిమి. వాడు మా కాళ్లపై బడి యేడ్చెను. మేము వానిని తిట్టితిమి, తప్పు వేసితిమి, ఆ సొమ్మును బాలిక తండ్రికి ఇప్పించితిమి, స్టాంపు కాగితముపై ఇరువురిచేతను చేవ్రాలు పెట్టించితిమి. పరువు నిలిచినదని ఒకరినొకరము మెచ్చుకొని, కాఫీలు త్రాగి లేచితిమి.

ఆ బాలిక వంటయింటి తలుపు చాటున తల్లి కొంగు పట్టుకొని నిలుచుండెను. నీకేమి కావలెనమ్మా యని మా యైదుగురిలో నొక్కరును ఆమెను అడిగినవారు లేరు. కొలది దినములకు ఆమెను బడి మాన్పించి అమ్మమ్మగారి ఊరికి పంపిరి. వాడు మాత్రము పెండ్లిండ్లలో ముందు వరుసలోనే కూర్చుండెను, తాంబూలములు అందుకొనెను. ఐదారేండ్లు గడచిన పిమ్మట మరియొక యింటినుండి అటువంటి వార్తయే వచ్చినది. మనిషి వాడే. ఆ రెండవ యింటి తల్లి మమ్ము చూచి, "మీకు ముందే తెలుసునట గదా, అన్నయ్యగారూ?" అని మాత్రము అడిగెను. దానికి మా వద్ద బదులు లేకపోయెను; ఇప్పటికిని లేదు. మేము వేయించిన తప్పు వానికి కొంత సొమ్ము ఖర్చు పెట్టించినది. రెండవ బిడ్డకు మాత్రము రక్షణ యీయలేదు.

ఇట్టి దుర్ఘటనలు ఎచటనో యొకచో జరుగునవని అనుకొనువారు మనలో గలరు. 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖవారు 13 రాష్ట్రములలో 12,447 మంది బాలబాలికలను విచారించి యొక నివేదికను ప్రకటించిరి. అందు 53 శాతమునకు మించిన బిడ్డలు ఏదో యొక రూపమున లైంగిక దౌర్జన్యమునకు గురియైతిమని చెప్పిరి. అట్టివారు అధికముగా కనబడిన రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ మొకటి. దౌర్జన్యము చేసినవారిలో సగముమంది ఆ బిడ్డలు ఎరిగినవారే, లేదా నమ్మదగిన స్థానములో ఉన్నవారే. పెక్కుమంది బిడ్డలు ఆ సంగతిని ఎవరితోను చెప్పలేదని గూడ ఆ నివేదికయే తెలిపినది. కావున దొంగ బయటినుండి వచ్చునని వీధి తలుపు మాత్రము గడియ వేసికొనుట చాలదు.

ఈ విషయమున మన దేశపు చట్టము చాల నెమ్మదిగా నడచినది. 1860 నాటి శిక్షాస్మృతి బాలిక సమ్మతికి పదేండ్ల వయస్సును హద్దుగా పెట్టెను. 1891లో అది పండ్రెండేండ్లకు పెరిగెను. ఆ చిన్న పెంపునకే నాడు దేశమంతట గొప్ప అలజడి పుట్టినది. మతము చెడినదని సభలు జరిగినవి. 1929లో శారదా చట్టము బాలికల వివాహవయస్సును 14 ఏండ్లుగా నిర్ణయించినపుడును అట్టి గగ్గోలే వినబడినది. మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు అంతకు చాల ముందుగనే బాల్యవివాహములను నిరసించి ఎన్ని నిందలు మోసిరో మనకు తెలియనిది కాదు. నాడు ఆ సంస్కరణలను ఎదిరించినవారిని తలచుకొని నేడు మనము నవ్వుచున్నాము. రేపు మన మనుమలు మనలను చూచి నవ్వకుండునట్లు నడచుకొనుట మన చేతిలో నున్నది.

ఇక ప్రస్తుత చట్టమును గూర్చి. లైంగిక అపరాధముల నుండి బాలల సంరక్షణ చట్టము, అనగా అందరు పోక్సో యని పిలుచునది, 2012 నవంబరు 14వ తేదీన అమలులోనికి వచ్చినది. 2019లో శిక్షలు మరింత కఠినములైనవి. ఈ చట్టమున బిడ్డ యనగా 18 ఏండ్లు నిండని ప్రతి వ్యక్తియు. ఆడబిడ్డకు మాత్రమే యని భ్రమపడవలదు. మగపిల్లలకును ఇది సమముగా వర్తించును. మగపిల్లవానికి ఏమగునని నవ్వి త్రోసివేయు అలవాటు మన యిండ్లలో గలదు. చట్టము అట్లు నవ్వదు.

శిక్షలను సంగ్రహముగా చెప్పెదము. శరీరప్రవేశముతో కూడిన లైంగిక దాడికి పదేండ్లకు తక్కువగాని ఖైదు. అది యావజ్జీవము వరకు పెరుగవచ్చును. బిడ్డ వయస్సు 16 ఏండ్లలోపైనచో ఇరువది ఏండ్లకు తగ్గరాదు. దురుద్దేశముతో బిడ్డ శరీరమును తాకుటకు మూడు మొదలు ఐదేండ్ల ఖైదు. దుస్తులపైనుండి తాకినను నేరము నేరమేయని సుప్రీము కోర్టువారు 2021 నవంబరు 18వ తేదీ తీర్పులో సందేహమునకు తావులేకుండ చెప్పిరి. చేయి తాకకపోయినను, అసభ్యపు మాటలు, సైగలు, బొమ్మలు చూపుట, వెంటబడుట – వీనికి మూడేండ్ల వరకు ఖైదు. బిడ్డను అశ్లీల చిత్రములకు వాడుకొనినవానికి ఐదేండ్లకు తక్కువగాని ఖైదు. మరల చేసినచో ఏడేండ్లకు తక్కువగానిది. పై శిక్షలన్నిటితోపాటు జుల్మానాయు గలదు.

ఇందు పెద్దలు ముఖ్యముగా గమనింపవలసినదొకటి గలదు. నేరము చేసినవాడు రక్తబంధువైనను, పెండ్లివలన బంధువైనను, ఒకే యింటిలో కలసి నివసించువాడైనను, విద్యాసంస్థకు గాని ధర్మసంస్థకు గాని నిర్వాహకుడు లేక ఉద్యోగియైనను, బిడ్డ నమ్మిన పెద్దయైనను అది గురుతర నేరమగును. బిడ్డ పండ్రెండేండ్లలోపుదైనను, నేరము పలుమార్లు జరిగినను అట్లే. అప్పుడు శరీరప్రవేశ దాడికి కనీసశిక్ష ఇరువది ఏండ్ల కఠిన కారాగారము. అది జీవితాంతము వరకు గాని, మరణదండన వరకు గాని పోవచ్చును. తాకుట మాత్రమైనచో ఐదు మొదలు ఏడేండ్లు. మేము పంచాయతీలో బంధుత్వమును జూచి తప్పు తగ్గించితిమి. చట్టము బంధుత్వమును జూచి శిక్షను పెంచుచున్నది. ఏది ధర్మమో సభవారే నిర్ణయింపవలెను.

తెలుపవలసిన విధిని గురించి ఇప్పుడు చెప్పుదుము. చట్టములోని 19వ విభాగము ప్రకారము, ఇట్టి నేరము జరిగినదని ఎరిగినను, జరుగగలదని భయము కలిగినను, ప్రతి వ్యక్తియు పోలీసువారికి తెలిపియే తీరవలెను. తల్లిదండ్రులు మాత్రమే తెలుపవలెనను నియమము లేదు. ఉపాధ్యాయుడు, వైద్యుడు, పొరుగువారు, పురోహితుడు, కులపెద్ద – తెలిసినవారెల్లరును ఈ మాటలో ఇమిడియున్నారు. తల్లిదండ్రుల అనుమతి కొరకు వేచియుండ నక్కరలేదు. తెలిసియు తెలుపనివారికి 21వ విభాగము ఆరు మాసముల వరకు ఖైదు గాని, జుల్మానా గాని, రెండును గాని విధించుచున్నది. సంస్థకు బాధ్యుడైనవాడు తన క్రిందివాని నేరమును దాచినచో ఏడాది వరకు ఖైదును, జుల్మానాయును. ఫిర్యాదును వ్రాసికొనని పోలీసు అధికారికి గూడ శిక్ష గలదు. చెప్పలేకపోయిన బిడ్డకు మాత్రము ఏ శిక్షయు లేదు.

కనుక మేమానాడు కూర్చుండినట్లు ఎవరైన నేడు చాపలు పరచి కూర్చుండినచో, ఆ కూర్చుండిన పెద్దలే ముద్దాయిలగుదురు. నేరస్థుని శిక్షనుండి తప్పించుటకై సొమ్ము పుచ్చుకొనుటయు, ఇచ్చుటయు 2024 జులై 1వ తేదీ నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారము వేరు నేరములు. పాత శిక్షాస్మృతిలోను ఇవి నేరములే. మనకు తెలియక న్యాయమని పిలిచితిమి.

రాజీ కాగితమునకు విలువ యెంతయో ఒక తీర్పు తేటతెల్లము చేసినది. రాజస్థానమున నొక పాఠశాల ఉపాధ్యాయుడు 2022 జనవరిలో విద్యార్థినిపై అసభ్యముగా చేయి వేసెనని ఆమె తండ్రి ఫిర్యాదు చేసెను. పిమ్మట ఇరుపక్షములు రాజీపడినవి. పొరపాటున ఫిర్యాదు చేసితినని తండ్రి స్టాంపు కాగితముపై వ్రాసియిచ్చెను. ఆ రాష్ట్రపు హైకోర్టు కేసును కొట్టివేసినది. అప్పుడు ఆ కేసులో కక్షిదారులు గాని గ్రామస్థులు సుప్రీము కోర్టుకు పోయిరి. 2024 నవంబరు 7వ తేదీన ఆ న్యాయస్థానము హైకోర్టు ఉత్తరువును రద్దుచేసి, ఇట్టి నేరములు ఇరువురి సొంత వ్యవహారములు కావనియు, రాజీ పేరిట కేసును మూయరాదనియు, విచారణ సాగవలెననియు ఆదేశించినది. ఆ గ్రామస్థులు కేసుకు బయటివారు. ఆ బడి యున్న ఊరివారు. వారు చేసిన పనిని మేము మా పంచాయతీతో పోల్చుకొని సిగ్గుపడుచున్నాము.

వసతిగృహములు నడపు మనకు మరియొక తీర్పు పాఠము. మహారాష్ట్రమందలి చంద్రపూరు జిల్లాలో నొక బడి వసతిగృహమున గిరిజన బాలికలపై అఘాయిత్యము జరిగినది. అచటి బాలికలకు చికిత్స చేయుటకు నియమింపబడిన వైద్యుడు తెలిసియు పోలీసులకు తెలుపలేదని ఆయనపై కేసు పెట్టిరి. హైకోర్టు దానిని కొట్టివేయగా, 2022 నవంబరు 2వ తేదీన సుప్రీము కోర్టువారు ఆ ఉత్తరువును తోసివేసి, నేరమును వెంటనే తెలుపుట ఈ చట్టమునకు ప్రాణము వంటిదనియు, తెలియనట్లు ఊరకుండుట నేరస్థునికి అండయగుననియు భావము తెలిపిరి.

ఇచట నొక కఠినమైన మాట చెప్పక తప్పదు, మన్నింపవలెను. మన బాలిక అన్యకులపు యువకునితో మాటలాడినదని తెలిసిన నిమిషమున మనము ఇదే చట్టమును చేతబట్టి ఠాణాకు పరుగెత్తుచున్నాము, వకీలును పెట్టుచున్నాము, వయస్సు పత్రమును చంకనుబెట్టుకొని తిరుగుచున్నాము. ఆ బాలికయే మన కులపు పెద్దమనిషివలన చెడినదని తెలిసినచో తలుపులు మూసికొనుచున్నాము. చట్టము ఒక్కటే, బిడ్డ ఒక్కతే, మన త్రాసులు మాత్రము రెండు. ఈ రెండవ త్రాసును పగులగొట్టనంతవరకు మన మహాసభలలో చేయు బాలికాభ్యుదయ తీర్మానములన్నియు వట్టి కాగితములు. 18 ఏండ్లలోపు బిడ్డ యిష్టపడినదను మాట చట్టమునందు చెల్లదు గనుక, మన యువకులకు గూడ ఈ సంగతిని ముందుగా బోధింపవలెను. బిడ్డల అశ్లీల చిత్రములను చేతి ఫోనులలో పంపుట, పంచు తలంపుతో దాచుట నేరములని వారికి తెలుపవలెను. తెలియక చెడిపోవుటకంటె తెలిసి తప్పుకొనుట మేలు.

ఫిర్యాదు చేయుటకు మనవారు చెప్పు అడ్డంకులు మేమెరుగనివి కావు. బిడ్డ పేరు బయటపడును, రేపు పెండ్లి కాదు – ఇది మొదటిది. బిడ్డ పేరును, బడిని, ఇంటి చిరునామాను, ఛాయాచిత్రమును పత్రికలలో గాని ఇతర ప్రసార సాధనములలో గాని ప్రకటించుట నేరము. దానికి ఆరు మాసములకు తక్కువగాక ఏడాది వరకు ఖైదు గలదు. విచారణ మూసిన గదిలో జరుగును. 2018లో సుప్రీము కోర్టువారు ఈ గోప్యతను మరింత గట్టిపరచిరి. మరి పేరు ఎక్కడ బయటపడుచున్నది? ఠాణాలో కంటె మన పెండ్లిపందిళ్లలో, మన వాకిళ్లలో, మన నోళ్లలో. పరువు పోవునను భయమును పుట్టించువారము మనమే. మనము నోరు మూసికొనినచో బిడ్డ పరువు ఎక్కడికిని పోదు.

ఠాణాలో బిడ్డను బెదరించెదరు, కోర్టులో నిలదీసెదరు – ఇది రెండవది. చట్టము ప్రకారము బిడ్డ వాఙ్మూలమును ఆమె యింటనే గాని, ఆమె కోరిన చోటనే గాని వ్రాసికొనవలెను. వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టరుకు తక్కువగాని స్త్రీ అధికారి వ్రాయవలెను. ఆమె పోలీసు దుస్తులలో నుండరాదు. బిడ్డను రాత్రివేళ ఠాణాలో ఉంచరాదు. నిందితుడు ఎదురుపడరాదు. బాలికను స్త్రీ వైద్యురాలే, తల్లిదండ్రుల యెదుట గాని బిడ్డ నమ్మినవారి యెదుట గాని పరీక్షింపవలెను. పోలీసువారు 24 గంటలలోపల బాలల సంక్షేమ సమితికిని, ప్రత్యేక న్యాయస్థానమునకును తెలుపవలెను. హైదరాబాదున 2016లో నెలకొల్పబడిన భరోసా కేంద్రము ఇట్టి బిడ్డలకు వైద్యము, ఊరట, న్యాయసహాయము ఒకేచోట సమకూర్చుటకు ఏర్పడినది. ఏడాదిలో విచారణ ముగియవలెనని చట్టము చెప్పినను అన్నిచోట్ల అట్లు ముగియుటలేదు, ఇది నిజమే. అందుచేతనే ఆ కాలమున బిడ్డ ప్రక్కన నిలుచుటకు సంఘము కావలెను.

సొమ్ము మాట మూడవది. కుటుంబము పేదది, కులము ఇప్పించు సొమ్ముతో బాగుపడునని కొందరందురు. న్యాయస్థానము విధించు జుల్మానా ఘోర నేరములలో బిడ్డ వైద్యమునకు, పునరావాసమునకు చెందును. కేసు నమోదైన పిమ్మట తీర్పుదాక ఆగక తాత్కాలిక పరిహారము ఇప్పించుటకును ప్రత్యేక న్యాయస్థానమునకు అధికారము గలదు. ప్రభుత్వ వైద్యశాలయైనను, ప్రైవేటు వైద్యశాలయైనను ఉచితముగా చికిత్స చేయవలసినదే. కనుక బిడ్డ నోరు మూయుటకు ఇచ్చు సొమ్ము ఆమెకు అక్కరలేదు.

అబద్ధపు ఫిర్యాదుల భయము నాల్గవది. ఆస్తి తగాదాలకు గాని, పగలకు గాని ఈ చట్టమును వాడుకొని తెలిసి తెలిసి అసత్యము చెప్పువానికి 22వ విభాగమున శిక్ష గలదు. సద్భావముతో తెలిపినవానికి మాత్రము ఏ బాధ్యతయు అంటదు. నిజానిజములు తేల్చుట న్యాయస్థానపు పని. తెలుపుట మాత్రమే మన పని. ఈ రెండింటిని కలిపివేసికొని, ముందు మేము విచారించి పిమ్మట చెప్పెదమనుటయే పెద్దల పొరపాటు.

బిడ్డ వచ్చి ఏదైన చెప్పినపుడు ఏమి చేయవలెనో తల్లులకు ప్రత్యేకముగా విన్నవించుచున్నాము. మొదట నమ్మి వినుడు. తప్పు నీది కాదని చెప్పుడు. ఎవరితోను చెప్పనని మాత్రము మాట యీయవలదు. అదే ప్రశ్నను పదిమంది పదిసార్లు అడుగవలదు. బిడ్డ చెప్పినదానిని బిడ్డ మాటలలోనే వ్రాసి తేదీ వేయుడు. దాడి జరిగి కొలది సమయమే యైనచో స్నానము చేయించుట, బట్టలు ఉతుకుట మాని వైద్యశాలకు తీసికొనిపొండు. నిందితుని పిలిపించి ఎదురెదురుగా నిలుపవలదు. 1098 గాని, 112 గాని ఫోను చేయుడు. లేక సమీప ఠాణాకు పొండు. మా హద్దు కాదని ఏ ఠాణావారును త్రిప్పి పంపరాదు. ఫిర్యాదు ప్రతిని ఉచితముగా అడిగి తీసికొనుడు. వ్రాసికొననిచో జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు వ్రాతమూలముగా పంపుడు.

మన వసతిగృహములకు విరాళములిచ్చు దాతలకు ఒక మనవి. గోడలకు మీ పేర్లు చెక్కించితిమి. ఆ గోడల నడుమ నిద్రించు బిడ్డల క్షేమము గూడ ఆ పేర్లతో ముడివడియున్నది. 2020 నాటి నియమముల ప్రకారము బిడ్డలతో పనిచేయు ప్రతి ఉద్యోగికిని పోలీసు పరిశీలన జరిపింపవలెను. అది ఒక్కసారితో తీరునది కాదు, కాలానుగుణముగా జరుగవలెను. వంటవాడు, కావలివాడు, వార్డెను ఎవ్వరును మినహాయింపు కారు. మనవాడే గదా యని వదలిపెట్టుటయే అన్ని అనర్థములకు మొదలు. బిడ్డలను కొట్టి హింసించుట గూడ నేరమే. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము సంరక్షణ సంస్థవారే బిడ్డపై క్రౌర్యము చూపినచో ఐదేండ్ల వరకు కఠిన కారాగారమును, ఐదు లక్షల వరకు జుల్మానాయును గలవు.

వివాహములను గురించి ఒక్క మాట. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము బాలికకు 18, బాలునకు 21 ఏండ్ల వయస్సును నిర్ణయించినది. ఇట్టి పెండ్లిని జరిపించినవారికిని, ప్రోత్సహించినవారికిని రెండేండ్ల వరకు కఠిన కారాగారమును, లక్ష వరకు జుల్మానాయును. సంఘముల సభ్యులను గూడ ఆ చట్టము పేర్కొన్నది. భార్యయైనను 18 ఏండ్లలోపైనచో ఆమెతో సంగమము నేరమని 2017 అక్టోబరు 11వ తేదీన సుప్రీము కోర్టువారు తీర్పు చెప్పిరి. దౌర్జన్యము చేసినవానికే బాలికనిచ్చి పెండ్లి చేయుట పరిష్కారమని పూర్వపు పెద్దలు కొందరు అనుకొనెడివారు. అది ఒక నేరమునకు మరియొక నేరమును జోడించుట.

కావున మేము ఈ మహాసభ యెదుట ఐదు తీర్మానములు ఉంచుచున్నాము. ఒకటి: బిడ్డలపై జరిగిన నేరములందు మన సంఘ సభ్యులెవ్వరును రాజీ పంచాయతీకి కూర్చుండరాదు, కూర్చుండినవారు పదవి కోల్పోవలెను. రెండు: మన వసతిగృహములలో ఉద్యోగుల పోలీసు పరిశీలన పూర్తిచేయించి, స్త్రీలు సగమునకు తగ్గకుండ గల పర్యవేక్షక సంఘము నేర్పరుపవలెను. మూడు: 1098 సంఖ్యను ప్రతి గదిలోను బిడ్డల కంటికి అందునట్లు వ్రాయింపవలెను. నాలుగు: మన కల్యాణ మండపమును అద్దెకిచ్చుటకు ముందు వధూవరుల వయస్సు పత్రములను చూడవలెను. ఐదు: విద్యానిధిలో కొంత భాగమును, పేరు వెల్లడింపకుండ, ఇట్టి బిడ్డల చదువునకును, న్యాయస్థానమునకు పోవు ప్రయాణములకును, వకీలు సలహాకును ప్రత్యేకింపవలెను.

మొదటి తీర్మానమునకు మా చేవ్రాలును మేమే ముందుగా చేయుచున్నాము. ఆ తొమ్మిదేండ్ల బిడ్డ నేడు ఎక్కడనో పెద్దదై, ఇల్లాలై యుండవచ్చును. ఆమె చదువు మేము తిరిగి యీయలేము. మాట పడిన ఆ రెండవ తల్లికి బదులు చెప్పలేము. ఇకపై మన కులములో ఏ తల్లియు ఏ పెద్దనైనను ఆ ప్రశ్న యడుగవలసిన అవసరము కలుగకుండ చేయుట మాత్రము మన వశములో నున్నది. కులమునకు గౌరవము భవనములవలనను, పదవులవలనను కొంత కలుగవచ్చును. బిడ్డ నోరు తెరచి చెప్పినపుడు పెద్దలు లేచి నిలుచుటవలన కలుగు గౌరవము వానికన్న దొడ్డది.

 తీర్మానములను ఏకగ్రీవముగా ఆమోదింప వేడుచున్నాము.